గంగమ్మకి పంపిన చీర

మొన్న సోమవారం పొద్దున ప్రార్థన అయిపోయి పిల్లలు వరుసల్లో తరగతులకి వెళ్తున్నారు. హాజరు పట్టీ చంకలో పెట్టుకుని నేనూ మెట్లెక్కుతున్నాను. ఫోను మోగింది. చూస్తే బందరు నుంచి, మావయ్య కొడుకు.

"వదినా, నాన్న పోయాడు. టీ తాగి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ గ్లాసు తీసుకెళ్దామని వచ్చేసరికే లేడు."

నాకు ఏడుపు రాలేదు. ముందు సిగ్గు వచ్చింది. ఎందుకంటే ఎనిమిది నెలలుగా నేను మావయ్యతో మాట్లాడటం లేదు. రెండుసార్లు ఫోను చేస్తే రెండుసార్లూ కట్ చేశాను. నేనుండే గుడివాడకి వచ్చే బస్సు డ్రైవరు చేత ఎండు రొయ్యలు పంపిస్తే పక్కింటావిడకి ఇచ్చేశాను. ఈ సంగతి దాచిపెట్టి, మా మావయ్య మహానుభావుడు, నేను ఆయనకి ముద్దుల మేనకోడల్ని అని రాసుకుంటూ పోతే ఆయన పైనుంచి నవ్వుతాడు. అందుకే ముందే చెప్పేశాను.

మావయ్య నాకు రక్తసంబంధం కాదు. బందరు పక్కనే గిలకలదిండి రేవులో ఒక మరబోటుకి ఆయన సరంగు, అంటే బోటు నడిపే పెద్ద. మా నాన్న అదే బోటులో కళాసీ, వల లాగే మనిషి. నాన్న ఆయన్ని బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మావయ్య అయ్యాడు. నాన్న పోయాక ఆ పిలుపు మాత్రం మిగిలింది. నా పదో తరగతి పుస్తకాలు, కాలేజీ ఫారాలు, ఉద్యోగానికి వెళ్లేటప్పుడు పెట్టె మోయడం, అన్నిటికీ ఆయనే. ఆయనకి చదువు రాదు. నా మార్కుల కాగితం తలకిందులుగా పట్టుకుని, "బానే ఉన్నాయే" అనేవాడు.

మనిషి పొట్టి. నడిచేటప్పుడు ఒడ్డు మీద కూడా బోటు మీద నడిచినట్టే కాళ్లు ఎడం పెట్టి నడిచేవాడు. మాట తక్కువ. కోపం వస్తే మాత్రం రేవంతా వినపడేది. రేవులో అందరూ ప్లాస్టిక్ కప్పుల్లో టీ తాగుతుంటే ఆయన మొలలోంచి స్టీలు గ్లాసు తీసేవాడు. టీ కొట్టతను, "ఏం సరంగుగారూ, మా కప్పులో విషం ఉందా" అని ఏడిపిస్తే, "నీ టీలో ఎలాగూ ఉంది, మళ్లీ కప్పులో ఎందుకు" అనేవాడు.

ఆయన పేరు చెప్తే రేవులో సగం మందికి తెలియదు. చెత్త సరంగు అంటే చాలు, పిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఆ పేరెందుకొచ్చిందో చెప్పాలి. ట్రాలు వల సముద్రం అడుగుని గీరుకుంటూ వస్తుంది. అడుగున ఏముంటే అది పైకొస్తుంది. ఒకప్పుడు చేపలూ రొయ్యలూ పీతలూ, మహా అయితే నాచూ వచ్చేవి. ఇప్పుడు పాల పాకెట్లు, నీళ్ల పాకెట్లు, మందు సీసాలు, రొయ్యల చెరువుల మేత సంచులు, తెగిన వలలు, పసిపిల్లల డైపర్లు. అందరూ ఏంచేస్తారు? చేపలు ఏరుకుని మిగిలింది మళ్లీ నీళ్లలోకి తోసేస్తారు. పని తొందర, డెక్కు మీద చోటు లేదు, వాళ్లని అని లాభం లేదు. మావయ్య తొయ్యనిచ్చేవాడు కాదు. ఇంజను గది పక్కన ఒక గోనెసంచి కట్టి ఉంచేవాడు. వచ్చిన ప్రతి ముక్కా అందులో పడాల్సిందే. కళాసీలు విసుక్కునేవాళ్లు.

"సరంగూ, మనం చేపల వేటకొచ్చామా, చెత్త వేటకొచ్చామా?"

"రెండూనూ. లాగండెహె."

ఒడ్డుకి రాగానే ఆ సంచి సైకిలు వెనకాల కట్టుకుని మునిసిపాలిటీ వాళ్లు చెత్త పోసే చోటికి తీసుకెళ్లేవాడు. అక్కడి మనిషి, "ఊళ్లో చెత్తే ఎత్తలేక చస్తున్నాం, సముద్రం చెత్త కూడా మాకేనా" అంటే, "ఊళ్లోదే బాబూ ఇది, కొంచెం తిరిగొచ్చింది" అనేవాడు. ఒకసారి నాకు పనిగట్టుకుని ఫోను చేశాడు. "అమ్మడూ, మీ గుడివాడ మిఠాయి కొట్టు కవరు నా వల్లో పడిందే. బొమ్మ చూసి కళాసీ గుర్తుపట్టాడు. మిఠాయి మాత్రం లేదు." నేను పగలబడి నవ్వాను. ఆ సాయంత్రం ఇంటికొస్తూ మా వీధి చివర మురుగు కాలవ దగ్గర ఆగాను. పండగ నాడు నేను కూడా ఆ కొట్టు కవరు ఒకటి అక్కడే విసిరేశానని గుర్తొచ్చింది. కాలవ నీళ్లు ఎటు వెళ్తాయో పిల్లలకి పాఠం చెప్పేదాన్ని నేను.

చెప్పుల విషయంలో ఆయనకో పిచ్చి ఉండేది. "చెప్పులు ఎప్పుడూ ఒంటివే వస్తాయే. రెండోది ఎవడి వల్లో ఉందో" అనేవాడు. వాటిని మాత్రం వెంటనే పారేసేవాడు కాదు. పెరట్లో కొన్నాళ్లు వరసగా పెట్టి చూసుకునేవాడు, జత కుదురుతుందేమోనని. అత్తయ్య తల కొట్టుకునేది. నాకు తెలిసి ఒక్క జత కూడా కుదరలేదు.

"సముద్రం తినదే. ఉంచుతుంది" అనేవాడు. మనం పారేసినవన్నీ అక్కడ పాడవకుండా పడుంటాయని ఆయన మాట. పదహారేళ్లు ఆ సంచి మోశాడు. ఎందుకు మొదలుపెట్టాడో ఎవరం అడగలేదు. ముసలాడి చాదస్తం అనుకున్నాం.

ఇక మా నాన్న సంగతి. నాకు పద్నాలుగేళ్లప్పుడు, వేట నిషేధం అయిపోయి బోట్లు కదిలిన మొదటి వారంలోనే, ఎవరో చిరిగిపోయిందని సముద్రంలో వదిలేసిన నైలాను వల మా బోటుకి కింద నీళ్లలో తిరిగే ఫ్యానుకి చుట్టుకుంది. ఇంజను ఆగిపోయింది. నాన్న కత్తి పట్టుకుని కిందికి దిగాడు. ఒకసారి పైకొచ్చి, "సగం కోశాను బావా" అన్నాడట. మళ్లీ మునిగాడు. మళ్లీ రాలేదు. ఆ వల్లోనే చిక్కుకుపోయాడు. మావయ్యే దూకి, వల కోసి, నాన్నని ఇంటికి తీసుకొచ్చాడు. ఆ వల ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

బోట్లు కదిలే రోజు గంగమ్మ తల్లికి చీర సమర్పించడం మా వాళ్ల ఆనవాయితీ. ఏడాదికొక కళాసీ ఇంటి వంతు. చీర, జాకెట్టు ముక్క, పసుపు, కుంకం, గాజులు చేటలో సర్ది ఆడవాళ్లు ఇస్తారు. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటాక సరంగు దాన్ని చేటతో సహా నీళ్లలో వదులుతాడు. ఆ ఏడు వంతు మాది. అమ్మ పెడన వెళ్లి పసుపుపచ్చ నూలు చీర, ఎర్రంచుది, ఏరి ఏరి తెచ్చింది. తెచ్చి ఇచ్చిన వారానికే నాన్న పోయాడు.

"నేనేం లోటు చేశాను?"

మా అమ్మ బతికినన్నాళ్లూ ఆ మాటే. బియ్యం ఏరుతూ, దీపం పెడుతూ, నా జడ వేస్తూ, ఉన్నట్టుండి ఆగిపోయేది. "జాకెట్టు ముక్క అంచున చిన్న చిరుగుందే. చూశాను. కొట్టుకెళ్లి మార్చుకొద్దామనుకున్నాను. ఎండగా ఉంది, గంగమ్మ ఏమనుకుంటుందిలే అని పెట్టేశాను. తల్లికి చిరిగిన గుడ్డ పెట్టానే." ఎంత చెప్పినా వినేది కాదు. మావయ్య మా ఇంటికొచ్చినప్పుడల్లా ఆయనతో కూడా అనేది. ఆయన టీ గ్లాసులోకి చూస్తూ వినేవాడు. అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద కూడా దుప్పటి అంచు తడుముతూ ఆ చిరుగు గురించే మాట్లాడింది.

ఎనిమిది నెలల కిందట మావయ్యని మా బడికి పిలిచాను. సైన్సు పాఠంలో సముద్ర కాలుష్యం అని రెండు పేరాలుంటాయి. పుస్తకంలో చదివితే పిల్లలకి నిద్రొస్తుంది, మావయ్య వచ్చి సంచి విప్పితే బాగుంటుందనుకున్నాను. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, సంచిలోవన్నీ పంపు నీళ్లతో కడిగి మరీ తెచ్చాడు. పిల్లల ముందు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. టూత్‌బ్రష్షు, బొమ్మ కారు, చుట్టుకుపోయిన వల, ఒంటి చెప్పు. పిల్లలు కేరింతలు. బాగా పాతబడ్డ కవరు ఒకటి పైకెత్తి, "దీని మీద పేరు ఎవరైనా చదవండర్రా" అంటే ఒకమ్మాయి లేచి చదివింది. "ఆ కొట్టు మూసేసి పదేళ్లయిందంట తాతా" అంది. "కొట్టు పోయింది, కవరు పోలేదు" అన్నాడు మావయ్య. అంత బాగా నేనెప్పుడూ పాఠం చెప్పలేదు.

అప్పుడు అదే అమ్మాయి అడిగింది. "తాతా, మీరు ఇవన్నీ ఏరడం ఎందుకు మొదలుపెట్టారు?"

మావయ్య నా వైపు చూశాడు. గంట కొట్టారు, పిల్లలు వెళ్లిపోయారు. ఖాళీ తరగతిలో ఆయన బెంచీ మీద కూర్చున్నాడు.

"అమ్మడూ, ఆ పిల్ల అడిగిందానికి జవాబు నీకు చెప్పాలే. మీ ఇంటి చీర గంగమ్మకి అందలేదు."

నాకు అర్థం కాలేదు.

"మీ అమ్మ చేటలో పెట్టి ఇచ్చింది. ఎప్పుడూ చేటతోనే వదుల్తాం. ఆ రోజు గాలి ఎక్కువ, నీళ్లు చిమ్ముతున్నాయి, డెక్కంతా డీజిలు. అంత మంచి చీర మరకలవుద్దని బట్టల కొట్టు కవర్లో పెట్టాను. మందం కవరు. పైన వల నూలుతో రెండు ముళ్లేశాను. తేలి ఒడ్డుకి కొట్టుకొస్తే బాగోదని సీసం గుండు కట్టాను. భలే ఆలోచించావు సరంగూ అన్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను." బల్ల మీదున్న వల ముక్క పక్కకి జరిపాడు. "ఎనిమిదేళ్లకి నా వల్లోనే వచ్చిందే. బురద కడిగి చూశాను. గుండు నేను పోసిందే. ముడి నేనేసిందే. వేసినోడి చేతికి తెలుస్తుంది కదా. అట్టాగే ఉంది. ఆ తల్లి విప్పుకోలేకపోయింది. ఎట్టా విప్పుకుంటుంది? మీ నాన్న అందుకే..."

"అమ్మకి చెప్పావా?" అన్నాను.

"లేదు."

"పన్నెండేళ్లు, మావయ్యా! నీకు తెలిశాక కూడా అమ్మ పన్నెండేళ్లు బతికింది. చిరిగిన ముక్క, చిరిగిన ముక్క అని ఏడుస్తుంటే ఎదురుగా కూర్చుని టీ తాగావు. ఆవిడ తప్పు కాదని నీ ఒక్కడికే తెలుసు. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్తే మీ గడప నాకు మూసేసేదే. మీ నాన్న పోయాక నాకున్నది ఆ గడపే. ధైర్యం చాల్లేదు."

"వెళ్లిపో మావయ్యా. ఇంక రాకు."

అన్నాను. ఈ నోటితోనే అన్నాను. ఆయన బల్ల మీదవన్నీ సంచిలో వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. ఏదో అంటాడనుకున్నాను. బల్ల కింద ఉండిపోయిన ఒంటి చెప్పు తీసి సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి బస్టాండు దాకా ఆ సంచి మోసుకుంటూ ఒక్కడే వెళ్లాడు. నేను కిటికీలోంచి చూశాను గానీ కదల్లేదు.

తర్వాత కోపం తగ్గలేదని అబద్ధం చెప్పను. రెండు మూడు నెలలకే తగ్గింది. సైన్సు చెప్పేదాన్ని, నాకు తెలియదా? చీర అందకపోతే మనిషి చచ్చిపోడు. నాన్నని చంపింది మావయ్య ముడి కాదు, అమ్మ చిరుగూ కాదు, ఎవరో చేతులు దులుపుకుని వదిలేసిన వల. ఆ ఒక్క మాట ఆయనతో అంటే చాలు. వేసవి సెలవుల్లో వెళ్లి చెబుదామనుకున్నాను. సెలవులు వచ్చాయి, వెళ్లాయి. దసరాకి వెళ్దాం అనుకున్నాను. మా అమ్మకి చెప్పడానికి ఆయనకి పన్నెండేళ్లు చాల్లేదని తిట్టాను కదా. నాకు ఎనిమిది నెలలు చాల్లేదు.

కబురందిన రోజు నేను వెళ్లేసరికి అంతా అయిపోవచ్చింది. అత్తయ్య నన్ను చూసి పెద్దగా ఏడవలేదు. లోపలికి తీసుకెళ్లి మంచం కింద నుంచి రేకుపెట్టె లాగింది. "తనకేమైనా అయితే ఇది నీకిమ్మన్నాడు. ఏవుందో నాకూ తెలీదే. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు" అంది. తాళం తీస్తే లోపల ఒక కవరు. ఎర్ర బొమ్మ వెలిసిపోయి గులాబీ రంగులోకి వచ్చింది. మూతికి పచ్చటి వల నూలు, రెండు ముళ్లు, కింద సీసం గుండు. పదహారేళ్లు ఇంట్లో పెట్టుకున్నాడు గానీ ఆ ముడి ఆయన విప్పలేదు.

ఐదో రోజు అస్థికలు కలపడానికి హంసలదీవి వెళ్లాం. ఆడవాళ్లెందుకని ఎవరో అన్నారు. "అది వస్తుంది" అంది అత్తయ్య. అంతటితో సరి. అవనిగడ్డ, కోడూరు దాటి మడ అడవి పక్కనుంచి, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి వెళ్లేసరికి ఎండెక్కింది. ఒడ్డంతా పూజల తాలూకు కవర్లు, అగరొత్తుల పెట్టెలు. వంగి ఏరబోయి ఆగాను. మావయ్య ఉంటే ఈపాటికి సంచి అడిగేవాడు. కొడుకు మోకాలిలోతు నీళ్లలో నిలబడి కుండ వంచాడు. బూడిద తెల్లగా కాసేపు తేలి అటూ ఇటూ తిరిగి వెళ్లిపోయింది.

నేను కవరు ఒళ్లో పెట్టుకుని ఇసకలో కూర్చుని ముడి విప్పడం మొదలుపెట్టాను. "కత్తి ఇవ్వనా వదినా" అన్నాడు. వద్దన్నాను. గోళ్లతో రాలేదు, పళ్లతో లాగాను. ఉప్పగా ఉంది. చాలాసేపటికి మొదటి ముడి వదిలింది. రెండోది తేలిగ్గానే వచ్చింది.

లోపల చీర అలాగే ఉంది. మడత అంచుల్లో ఉప్పు మరకలు, అంతే. కుంకం గడ్డ కట్టింది గానీ ఎర్రగానే ఉంది. గాజుల్లో రెండు పగిలాయి. అడుగున జాకెట్టు ముక్క. దాన్ని ఎండకి పట్టి అంచంతా వెతికాను. ఒక చివర దొరికింది చిరుగు. నా చిటికెన గోరంత కూడా లేదు. మా అమ్మ ఇరవై ఏళ్లు మోసింది దాన్ని. అప్పుడు ఏడ్చాను. అత్తయ్య వీపు నిమురుతూ ఉండిపోయింది.

చీర పూర్తిగా మడతలు విప్పి నడుం లోతు దాకా వెళ్లి నీళ్ల మీద పరిచాను. పసుపుపచ్చ చీర అంత పొడుగుంటుందని నాకు తెలియదు. జాకెట్టు ముక్క దాని మీద పెట్టాను. ఒక అల వెనక్కి మళ్లుతూ చీరని లోపలికి లాగింది. కొంగు ఒక్కసారి పైకి లేచింది, ఎర్రంచు కనపడింది, మునిగిపోయింది.

"అందింది మావయ్యా" అన్నాను. గట్టిగానే అన్నాను. ఒడ్డున వాళ్లు తిరిగి చూశారు.

తిరిగి వస్తుంటే చేతిలో ఖాళీ కవరు గాలికి ఉబ్బి సముద్రం వైపే లాగుతోంది. మణికట్టుకి చుట్టుకున్నాను. అక్కడ చెత్తబుట్ట లేదు. అవనిగడ్డ బస్టాండులో ఉంది గానీ దాని పక్కనే కాలవ ఉంది. గుడివాడలో దిగాక మా వీధి చివర కూడా ఆగి చూశాను. ఎక్కడ పారేయాలో తెలియలేదు. సీసం గుండుతో సహా ఇంకా నా బడి సంచిలోనే ఉంది.